అసెంబుల్ చేసుకున్న పీసీకి విండోస్ రిటైల్ లైసెన్సు: ఏళ్ల తరబడి వాడాక

పీసీ సొంతంగా అసెంబుల్ చేసుకునేవాళ్లు గ్రాఫిక్స్ కార్డు కోసం వారాల తరబడి రివ్యూలు చదువుతారు. విండోస్ దగ్గరికొచ్చేసరికి 'ఏదో ఒక కీ (యాక్టివేషన్ కోడ్) కొట్టేద్దాంలే' అంటారు. నేను విండోస్ 10 హోమ్ రిటైల్ (వినియోగదారులకు విడిగా అమ్మే) లైసెన్సు తీసుకున్నప్పుడు దండగ ఖర్చన్నవాళ్లే ఎక్కువ. దాని మీదే ఉచితంగా 11కి మారాను, పీసీ లోపలి సామాను దాదాపు అంతా మార్చాను, లైసెన్సు మాత్రం అదే నడుస్తోంది.

ఓఈఎం (పీసీ తయారీదారుల కోసం ఉద్దేశించిన) లైసెన్సు చవకే. కాకపోతే అది మొదట యాక్టివేట్ అయిన మదర్‌బోర్డుకే అంటుకుపోతుంది. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు మార్చుకుంటే మామూలుగా ఇబ్బంది ఉండదు. బోర్డే పాడైపోయి దాని బదులు వేరేది వేయాల్సివస్తే కొంత వెసులుబాటు ఉంది. మనమే ముచ్చటపడి కొత్త తరం బోర్డు వేసుకుంటే మాత్రం లైసెన్సు మళ్లీ కొనాల్సిందే. రిటైల్‌కు ఆ బంధం లేదు. ఒకసారికి ఒక పీసీలోనే వాడాలి, అంతే. ఆ పీసీ ఏదన్నది మన ఇష్టం.

నాకు ఈ తేడా తెలిసొచ్చింది ఏఎండీ ప్రాసెసర్ల ఏఎం4 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) నుంచి ఏఎం5కి మారినప్పుడు. ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది, అందులో డీడీఆర్5 ర్యామ్ తప్ప పట్టదు. అంటే ప్రాసెసర్ ఒక్కటీ మారిస్తే సరిపోదు, బోర్డూ ర్యామూ కూడా మారాలి. పాతది విప్పే ముందే మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ చూశాను. డిజిటల్ లైసెన్సు ఖాతాకు లింకయినట్టు అక్కడ రాసి ఉండాలి. ఈ సదుపాయం 2016 నుంచీ ఉంది. కొత్త బోర్డు మీద విండోస్ లేచింది గానీ యాక్టివేట్ కాలేదు. ట్రబుల్‌షూటర్ తెరిచి, ఈమధ్య హార్డ్‌వేర్ మార్చానన్న ఆప్షన్ నొక్కితే ఖాతాలోని పీసీల జాబితా వచ్చింది. పాత పీసీ పేరు ఎంచుకోగానే పని అయిపోయింది. పీసీకి ముందే గుర్తుపట్టే పేరు పెట్టుకోండి. లేకపోతే డెస్క్‌టాప్ అని మొదలయ్యే అర్థంకాని పేర్లలో మనదేదో వెతుక్కోవాలి.

ఇక్కడ లైసెన్సుతో సంబంధం లేని చిక్కు ఇంకొకటుంది. విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా పీసీల్లో, హోమ్ ఎడిషన్‌లో కూడా, డ్రైవ్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే అందులోని డేటాకు తాళం పడుతుంది. దాని తాళంచెవి బోర్డులోనో ప్రాసెసర్‌లోనో ఉండే టీపీఎం అనే భద్రతా భాగంలో ఉంటుంది. బోర్డు మారితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అందుకే విప్పే ముందు ఎన్‌క్రిప్షన్ ఆపేయడం, రికవరీ కీని ఫోన్‌లోనో కాగితం మీదో రాసిపెట్టుకోవడం మంచిది. ఇది తెలియక లైసెన్సును తిట్టుకునేవాళ్లను చూశాను.

ఇక 'ఏదో ఒక కీ' అంటూ కొనే అతి చవక కీల సంగతి. అవన్నీ నకిలీవి కావు, అదే తంటా. సంస్థల కోసం ఇచ్చే వాల్యూమ్ కీలను విడివిడిగా అమ్మేస్తుంటారు. కొట్టగానే యాక్టివేట్ అవుతుంది, మనం సంబరపడతాం. కీ పనిచేయడం వేరు, లైసెన్సు మనది కావడం వేరు. ఆ కీని ఎప్పుడు బ్లాక్ చేస్తారో చెప్పలేం. కేఎంఎస్ పద్ధతైతే (సంస్థ సర్వర్ ద్వారా యాక్టివేట్ చేసేది) 180 రోజుల్లోపు మళ్లీ ఆ సర్వర్‌ను పలకరించాలి. మా స్నేహితుడి పీసీలో కొన్ని నెలలకే తెర మూలన 'విండోస్ యాక్టివేట్ చేయండి' అనే వాటర్‌మార్క్ తేలింది, అమ్మినవాడు జవాబివ్వలేదు. మీ దగ్గరున్నది ఏ రకమో చూడాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో 'ఎస్ఎల్ఎంజీఆర్ /డీఎల్ఐ' కొట్టండి (ఇంగ్లిష్ అక్షరాల్లోనే). రిటైల్, ఓఈఎం, వాల్యూమ్ అని ఛానెల్ పేరు కనిపిస్తుంది.

హోమ్ బదులు విండోస్ ప్రో ఎడిషన్ కావాలా? నాకైతే అవసరం పడలేదు. బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో ఈ పీసీలోకి రావాలన్నా, హైపర్-వీ (పీసీలోనే వర్చువల్ పీసీలు నడిపేది) కావాలన్నా, పూర్తి బిట్‌లాకర్ (డ్రైవ్ ఎన్‌క్రిప్షన్) అదుపు కావాలన్నా ప్రో తీసుకోవాలి. ర్యామ్ విషయంలో హోమ్‌కు 128 జీబీ పరిమితి. ఇంట్లో దాన్ని దాటేవాళ్లు ఎందరుంటారు? తర్వాత ఎప్పుడైనా డబ్బు కట్టి హోమ్ నుంచి ప్రోకి మారొచ్చు, ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

రిటైల్‌లో నాకు నచ్చనిది ధర. బోర్డు జోలికి వెళ్లకుండా పీసీని అరిగేదాకా వాడేవాళ్లకు ఓఈఎం చాలు, నిజం చెప్పాలంటే వాళ్లు పైన కట్టేది వృథాయే. ఇంకో చిరాకు: ఒకసారి ఇన్‌స్టాల్ చేశాక 25 అక్షరాల కీ మొత్తాన్ని సెట్టింగ్స్‌లో చూపించదు. ఖాతా మొరాయిస్తే ఆ కీయే దిక్కు కాబట్టి కీ ఉన్న కార్డును ఫొటో తీసి దాచాను.

బ్రౌజర్, కోడింగ్, ఆఫీసు ఫైళ్లు మాత్రమే అయితే విండోస్ కొనే ముందు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి చూడండి. యాక్టివేషన్ మాటే లేదు. నా రెండో ఎస్‌ఎస్‌డీలో ఉన్న మింట్ కొత్త బోర్డు మీద ఏమీ అడక్కుండా లేచింది. అడ్డుపడేది కొన్ని ఆన్‌లైన్ గేముల యాంటీ-చీట్ (ఆటలో మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్), లైనక్స్‌కు రాని అడోబీ సాఫ్ట్‌వేర్. పాత ఏఎం4 బోర్డు మా మేనల్లుడికిచ్చాను. లైసెన్సు నాతోనే వచ్చేసింది కాబట్టి వాడికి మింటే వేసిచ్చాను. ఇప్పటిదాకా విండోస్ కావాలని అడగలేదు.