పాత బుల్లెట్ 350 చైన్ సెట్: ముందు డ్రమ్ చూడండి

కుడికాలి గేరున్న పాత బుల్లెట్‌కి వెనక స్ప్రాకెట్ (చైన్ పట్టే పళ్ల చక్రం) విడిగా ఉండదు. 38 పళ్లూ బ్రేక్ డ్రమ్‌తో ఒకటిగానే వస్తాయి. అంటే చైన్ సెట్ (చైన్, ముందు వెనక స్ప్రాకెట్లు) కొంటే సగం బ్రేకు కూడా కొన్నట్టే. హైదరాబాద్ పుత్లీబౌలీలో కొన్నా, ఢిల్లీ కరోల్‌బాగ్ నుంచి తెప్పించినా చవక డ్రమ్ముల్లో అసలు లోపం పళ్లలో కాదు, గుండ్రంలో. డ్రమ్ కోలగా ఉంటే బ్రేకు వేసినప్పుడల్లా పెడల్ కాలికి తన్నుతుంది, చైన్ ఒకచోట బిగుతుగా, మరోచోట వదులుగా తిరుగుతుంది. బిగించే ముందే లేత్ మీద తిప్పించి చూసుకోవాలి. ఈ ఒక్క పనీ వదలొద్దు.

ముందు స్ప్రాకెట్ 350కి 16 పళ్లు, 500కి 17. హైవే కోసం 17 వేస్తే ఇంజన్ చుట్లు దాదాపు 6 శాతం తగ్గుతాయి, కానీ ఘాట్లో లాగుడు తగ్గుతుంది. 350కి 16 ఉంచడమే మేలు. ఈ ముందు స్ప్రాకెట్ క్లచ్ వెనకాల ఉంటుంది కాబట్టి ప్రైమరీ కేసంతా (క్లచ్‌ని మూసి ఉంచే పెట్టె) విప్పాలి. ఎలాగూ విప్పారు గనక ఆయిల్ సీల్ కూడా మార్చేయండి.

చైన్ పిచ్ (ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి దూరం) 15.875 మి.మీ. లాగిపట్టి కొలిస్తే 20 లింకులు 317.5 మి.మీ. రావాలి. 324 దాటితే పారేయాల్సిందే. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ వేస్తే అదీ త్వరగా పోతుంది. చైన్ కొసలు కలిపే లాక్ క్లిప్పు మూసిన వైపు చైన్ నడిచే దిశలోనే ఉండాలి.