రెండు సెల్స్ మాడ్, రెండేళ్ళ వాడకం తర్వాత: నా కోపమంతా ఆ ఛార్జింగ్ పోర్టు మీదే

దీని వాట్లూ, తెర సైజూ, రంగులూ ఎక్కడ వెతికినా దొరుకుతాయి. వాటి జోలికి పోను. రెండు 18650 సెల్స్ (వేలెడంత గుండ్రటి లిథియం బ్యాటరీలు) వేసుకునే మాడ్ ఇది, అంటే వేప్‌కి (ఈ-సిగరెట్‌కి) కరెంటిచ్చే పెట్టె. కొని రెండేళ్ళు దాటింది, ఇప్పటికీ రోజూ నా జాకెట్ జేబులోనే ఉంటుంది. బటన్ వదులవలేదు, మెట్ల మీద పడినా బతికింది, ఆవిరికి వంక పెట్టేదేమీ లేదు. నాకు ఒళ్ళు మండేదల్లా కిందివైపు ఉన్న ఆ యూఎస్‌బీ పోర్టు చూస్తేనే.

నేనుండేది ఇంగ్లండులోని లెస్టర్లో. ఇక్కడ 2025 జూన్ 1 నుంచి వాడి పారేసే వేప్‌ల అమ్మకం ఆపేశారు. దాంతో మనవాళ్ళు కూడా చాలామంది ఛార్జ్ చేసుకునే రకానికి మారుతున్నారు, బ్యాటరీల గురించి అడుగుతున్నారు. ఇండియాలో 2019 నాటి చట్టంతో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నిషేధం కాబట్టి అక్కడున్నవాళ్ళకి దీనితో పనిలేదు. సిగరెట్ అలవాటు లేనివాళ్ళకీ పనిలేదు, దయచేసి మొదలుపెట్టకండి. నేను ప్రకాశం జిల్లాలో పొగాకు ఆరబెట్టే బ్యారన్ల మధ్య పెరిగినవాణ్ణి, రోజుకో పెట్టె కాల్చేవాణ్ణి. అది మానడానికి దీన్ని పట్టుకున్నాను, అంతే.

సరే, పోర్టు సంగతి.

మొదట్లో నేను ఎవరు అడిగినా ఈ పోర్టునే పొగిడేవాణ్ణి. ఫోన్ ఛార్జర్ ఒకటుంటే చాలు, వేరే సామాను అక్కర్లేదు, సెల్స్ బయటికి తీసే పనే లేదని. డబ్బా మీద కూడా అదే పెద్ద అక్షరాలతో వేశారు, వేగంగా ఛార్జ్ అవుతుందని. అవుతుంది, అబద్ధం కాదు. ఏడాది గడిచాక ఓ చలికాలంలో వింత మొదలైంది. తెర మీద బ్యాటరీ గుర్తు సగం పైన ఉంటుంది, దమ్ము లాగగానే 'బ్యాటరీ తక్కువ' అని ఆగిపోతుంది. బటన్ వదిలేస్తే మళ్ళీ సగం పైన చూపిస్తుంది. చలికి సెల్స్ నీరసిస్తాయి కదా, అదే అయ్యుంటుందనుకున్నా. ఇంట్లో వెచ్చగా ఉన్నప్పుడూ అదే వరస.

సెల్స్ రెండూ బయటికి తీసి మల్టీమీటర్ పెట్టాను. ఒకటి 3.72 వోల్టులు, రెండోది 3.41. మళ్ళీ మాడ్‌లో వేసి పోర్టుకి తగిలించి, ఛార్జింగ్ పూర్తయిందని చూపించాక తీసి చూస్తే 4.19, 4.07. నిండినట్టు చెబుతోంది గానీ ఒకటి నిండలేదు.

ఎవరైనా ముందు సెల్‌నే అనుమానిస్తారు. మార్కర్ తీసుకుని ఒకదాని మీద 'అ', ఇంకోదాని మీద 'ఆ' రాశాను. తక్కువ చూపించింది 'ఆ'. రెండింటి చోట్లూ మార్చి వేసి, ఒక రోజు వాడి, మళ్ళీ కొలిచాను. ఈసారి తక్కువ చూపించింది 'అ'. మళ్ళీ మార్చాను, మళ్ళీ 'ఆ'. అంటే నీరసం సెల్‌ది కాదు, తలుపు పక్కన ఉన్న గదిది. ఆ గదిలో ఏ సెల్ వేసినా వెనకబడుతోంది.

ఇది ఎందుకు చిరాకంటే, ఈ మాడ్‌లో సెల్స్ రెండూ ఒకదాని వెనక ఒకటి వరసలో ఉంటాయి. ఒకదానిలోంచి పోయిన కరెంటే రెండోదానిలోంచీ పోతుంది. ఒకే రకం, ఒకే రోజు కొన్న జత అయితే రెండూ దాదాపు సమానంగా దిగాలి. దిగట్లేదంటే లోపల ఉన్న బోర్డు తన సొంత అవసరానికి ఆ ఒక్క సెల్ నుంచే తాగుతోందని నా లెక్క. తాగితే తాగింది, ఛార్జింగ్‌లో సమానం చేయాలి కదా, ఆ పనీ సరిగ్గా చేయట్లేదు. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి కూలబడితే రెండోది ఎంత బలంగా ఉండి ఏం లాభం? పైగా ఇది ఒట్టి అసౌకర్యం కాదు. వెనకబడిన సెల్ 2.5 వోల్టుల కిందికి పోతే లోపల పాడవుతుంది, దాన్ని అందుకోడానికని రెండోదాన్ని 4.2 దాటించారంటే అది ప్రమాదం.

కంపెనీకి మెయిల్ పెట్టాను. పోర్టు ముఖ్యంగా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కోసమని, ఛార్జింగ్ అత్యవసరానికి మాత్రమేనని, రోజూ వాడటానికి బయట ఛార్జర్ మేలని జవాబిచ్చారు. కాగితం వెతికి తీస్తే నిజమే, చీమ తలకాయంత అక్షరాల్లో అదే ఉంది. డబ్బా మీద వేగం గురించి అంత గోల చేసినవాళ్ళు ఈ ముక్క కూడా అక్కడే వేస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?

ఇరవై పౌండ్లలోపు రెండు గదుల ఛార్జర్ ఒకటి కొన్నాను. ఈ సమీక్షలో సంతోషమంతా దానిదే. ఒక్కో గదికి ఒక్కో లెక్క, ఏ సెల్ ఎంతలో ఉందో తెర మీద విడివిడిగా కనిపిస్తుంది. తొందర లేకపోతే 1 ఆంపియర్ మీద పెడతాను, ఈ 2,600 మిల్లీఆంపియర్-అవర్ సెల్స్‌కి మూడు గంటలు పడుతుంది. ఛార్జ్ చేసిన ప్రతిసారీ 'అ', 'ఆ' చోట్లు మారుస్తాను. అప్పటినుంచి మధ్యలో ఆగడం లేదు. రాత్రి పెట్టి పడుకోను, మనిషి మెలకువగా ఉన్నప్పుడే.

ఛార్జర్ కూడా మచ్చలేనిదేం కాదు. సెల్ లోపలి నిరోధం చూపిస్తుందని గొప్పగా చెబుతారు గానీ, అదే సెల్‌ని తీసి చివర తుడిచి మళ్ళీ పెడితే వేరే అంకె వస్తుంది. నేను వోల్టులు మాత్రమే నమ్ముతాను. దాని స్ప్రింగులు కూడా మరీ గట్టివి, సెల్‌ని దూర్చినప్పుడల్లా ప్లస్ వైపు అంచున ర్యాప్‌ని (సెల్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పొరని) గీరుతాయి. కొన్నాళ్ళకి 'ఆ' మీద వేలిగోరంత చిరుగు పడింది. చిన్నదే కదా అని వదిలేసే చోటు కాదు అది. ఈ సెల్ లోహపు డబ్బా మొత్తం మైనస్సే, మధ్యలో ఉన్న బొడిపె ఒక్కటే ప్లస్. ఆ రెంటికీ మధ్య ఉన్నది ఒకట్రెండు మిల్లీమీటర్ల సందు, ఒక తెల్ల రింగు, పైన ఈ పల్చటి ప్లాస్టిక్ పొర. పొర చిరిగిన చోట మాడ్ లోహం ప్లస్‌కీ అంచుకీ కలిపి తగిలితే షార్టే.

కొత్త ర్యాప్‌లు పెద్ద ఖరీదేం కాదు, కట్ట కొని పెట్టుకున్నాను. పాత పొరని గోరుతో ఒలిచి (బ్లేడుతో కాదు), తెల్ల రింగు సరిగ్గా కూర్చుందో లేదో చూసి, కొత్త గొట్టంలో సెల్ దూర్చి, మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్‌తో నాలుగువైపులా తిప్పుతూ వేడి చూపిస్తే చక్కగా బిగుసుకుంటుంది. ఒకేచోట వేడి ఆపకూడదు. మళ్ళీ మార్కర్‌తో 'ఆ' రాసుకున్నాను. డబ్బా సొట్టపడిన సెల్‌కి మాత్రం ఈ వైద్యం పనికిరాదు, రెండు చివర్లా టేపు వేసి సూపర్‌మార్కెట్లో పాత బ్యాటరీల డబ్బాలో పడేయడమే.

సెల్స్ ఎంపిక గురించి రెండు ముక్కలు. నావి మోలీసెల్ పీ26ఏ, తైవాన్ కంపెనీవి. ఆగకుండా 35 ఆంపియర్లు ఇవ్వగలవని కంపెనీ అంటుంది, సొంతంగా పరీక్షించేవాళ్ళు 25కే లెక్కకడతారు. నేను పెట్టేది 60 వాట్లు. సెల్స్ 3.2 వోల్టులకి దిగినప్పుడు రెండూ కలిపి 6.4, బోర్డు వృథా కూడా కలుపుకుంటే పది ఆంపియర్ల పైన కాస్త. కాబట్టి పీ26ఏకి శ్రమే లేదు, వేడెక్కవు, చివరిదాకా బలం తగ్గదు. అందుకే మెచ్చుకుంటూ వచ్చాను. కానీ గిడ్డంగిలో పన్నెండు గంటల షిఫ్టు ఉన్న రోజున ఇవి సాయంత్రానికే చేతులెత్తేస్తాయి, ఇంకో జత ప్లాస్టిక్ డబ్బాలో వెంట ఉండాల్సిందే. నా అంత వాట్లే వాడేవాళ్ళకి 15 ఆంపియర్లు, 3,000 మిల్లీఆంపియర్-అవర్ల వీటీసీ6 సెల్ లాంటిది చాలేమోనని ఇప్పుడనిపిస్తోంది. డబ్బా మాత్రం ఏ సెల్స్‌కైనా తప్పనిసరి. జేబులో విడి సెల్, తాళాల గుత్తి కలిసి ఉండకూడదు.

ఎల్జీ, సామ్‌సంగ్ లాంటి కంపెనీలు తమ విడి సెల్స్ వేప్‌ల కోసం కాదని బహిరంగంగానే చెప్పాయి. అందువల్ల ఏం తేడా వచ్చినా వాళ్ళ గడప తొక్కలేం. కొట్టు చూసి కొనుక్కోవడమే దిక్కు. 18650 మీద 9,900 అని రాసి ఉంటే అది పచ్చి బూటకం, మామూలుగా దొరికే వాటిలో పెద్దవి 3,500 దగ్గర ఆగిపోతాయి. వంటింటి తూకం మీద పెడితే అసలు సెల్ 45 గ్రాముల పైనే ఉంటుంది. మా బావమరిది ఆన్‌లైన్ సంతలో కొన్నవి ముప్ఫై కూడా తూగలేదు. "బావా, సగం ధరకే వచ్చాయి" అని ఫోన్లో మురిసిపోయాడు పాపం.

జనవరిలో రాత్రంతా కారులో వదిలేసిన సెల్స్ పొద్దున్నే నీరసంగా ఉంటాయి. గదిలో కాసేపు ఉంచితే కోలుకుంటాయి, కానీ గడ్డకట్టే చలిలో ఉన్నవాటిని అలాగే ఛార్జింగ్‌కి పెట్టకూడదు, లోపల లిథియం పూతలా పేరుకుంటుంది. ఊరికి వెళ్ళేటప్పుడు మాడ్ ఇక్కడే వదిలేస్తాను, చట్టం సంగతి పైన చెప్పాను కదా. సెల్స్ నిండుగా పెట్టి వెళ్ళను. 3.7 దగ్గరికి దించి డబ్బాలో పెట్టి వెళితే, నెల తర్వాత వచ్చి చూసినా అంకె దాదాపు కదలదు.

మళ్ళీ కొంటానా? సెల్స్ అయితే ఇంకో జత కొంటాను, బహుశా ఈసారి 3,000వి. మాడ్ విషయం చెప్పలేను. ఛార్జర్ ఎటూ ఉంది కాబట్టి ఆ పోర్టుతో నాకు ఇప్పుడు పనిలేదు, రబ్బరు మూత పెట్టేశాను. సెల్స్ తీసి పెట్టే ఓపిక లేనివాళ్ళూ, 20 వాట్లు దాటనివాళ్ళూ లోపలే బ్యాటరీ ఉన్న చిన్న పాడ్ కొనుక్కోవడం నయం. మా బావమరిదికి నేను కొనిపెట్టింది అదే.