బాలానగర్ లేత్ షాపులో ఏటీవీ వెనుక యాక్సిల్ పని

అనంతగిరి మట్టిబాటలో రాయికి గుద్దుకున్న నాటి నుంచి మా ఏటీవీ (ఎగుడుదిగుడు బాటల్లో నడిపే నాలుగు చక్రాల బండి) వెనుక చక్రం ఊగుతూ ఉండడంతో, దానిని బాలానగర్‌లోని ఒక చిన్న లేత్ వర్క్‌షాపుకు తీసుకువెళ్లాను. మేస్త్రీ గారు యాక్సిల్‌ను (చక్రాల ఇరుసును) విప్పి, వీ ఆకారపు గాడి ఉన్న దిమ్మలైన వీ బ్లాకులపై ఉంచి, సన్నని తేడాలను ముల్లుతో చూపే డయల్ గేజ్ ఆనించి నెమ్మదిగా తిప్పుతూ, ముల్లు చూపే మొత్తం తేడాలో సగమే అసలు వంపు అని ఓపికగా వివరించిన తీరు నాకు నచ్చింది. వంపును ఒత్తి తీసే ప్రెస్ యంత్రంతో సరిచేయమని నేనే అడిగాను (పొదుపు బుద్ధి మరి). అయితే గట్టిపరచిన ఉక్కును తిరిగి వంచితే పగుళ్లు రావచ్చనీ, స్ప్లైన్ల (యాక్సిల్‌పై పళ్లలా ఉండే గాళ్ల) దగ్గర వంగినది కాబట్టి మార్చడమే మేలనీ ఆయన చెప్పారు. కొత్త యాక్సిల్‌తో పాటు బేరింగులు, సీళ్లు కూడా మార్చి, నట్లను సరిగ్గా కావలసినంత బిగువుకే బిగించే టార్క్ రెంచ్‌తో బిగించారు. విడిభాగం కోసం ఎదురుచూసిన మూడు వారాలలో వాళ్లంతట వాళ్లు ఒక్కసారైనా ఫోన్ చేయకపోవడం మాత్రం లోపమే.