ఊరికి పదివేలు: గ్రామ ఆరోగ్య కమిటీ అన్‌టైడ్ ఫండ్‌పై సమీక్ష

జాతీయ ఆరోగ్య మిషన్ కింద గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషణ కమిటీకి ఏడాదికి 10,000 రూపాయల చొప్పున కేటాయించే అన్‌టైడ్ ఫండ్ (ఫలానా పనికే అని ముడిపెట్టని నిధి) పనితీరును ములుగు జిల్లా ఏజెన్సీ మండలాల్లో కొన్నేళ్లుగా దగ్గర నుంచి చూస్తున్నాను. హన్మకొండ నుంచి పనిచేసే మా చిన్న స్వచ్ఛంద బృందం ఈ కమిటీలకు తీర్మానాలు రాసుకోవడంలో, ఖర్చుల లెక్క సరిచూసుకోవడంలో తోడుగా ఉంటుంది. ఊరి ఆరోగ్యానికి ఏది అవసరమో ఊరివాళ్లే తేల్చుకుని ఖర్చు పెట్టుకునే వీలు కల్పించే నిధుల్లో ఇంతకన్నా మంచి ఆలోచన నాకు కనబడలేదు. అయితే ఎవరి అవసరం ఎంతో చూడకుండా అన్ని ఊళ్లకూ ఒకే మొత్తం పంచడం వల్ల, ఆరోగ్యంలో ఉన్న అంతరాలను తగ్గించవలసిన డబ్బు వాటిని ఉన్నచోటే ఉంచుతోందన్నది నా ప్రధాన అభ్యంతరం.

ముందుగా మెచ్చుకోదగినది చెబుతాను. 2005 ఏప్రిల్ 12న గ్రామీణ ఆరోగ్య మిషన్ (ఇప్పుడిది జాతీయ ఆరోగ్య మిషన్‌లో భాగం) మొదలైనప్పుడు, ఆస్పత్రి గోడల బయట జరగవలసిన పనికి ఊరి చేతిలో కొంత సొమ్ము ఉండాలన్న ఉద్దేశంతో ఈ ఏర్పాటు వచ్చింది. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం కమిటీలో కనీసం 15 మంది ఉండాలి, వారిలో సగం మంది మహిళలు కావాలి, దళితులకు, ఆదివాసులకు తగిన చోటు దక్కాలి. పంచాయతీకి ఎన్నికైన సభ్యురాలు అధ్యక్షురాలిగా, ఆశ కార్యకర్త సభ్య కార్యదర్శిగా ఉంటారు. ఫలానా పద్దుకే వాడాలన్న నిర్బంధం లేదు. బావుల్లో క్లోరిన్ వేయించడానికి, మురుగు నిలిచే చోట గుంత తీయించడానికి, అంగన్‌వాడీలో పాడైన తూకం యంత్రాన్ని బాగు చేయించడానికి, నిరుపేద కుటుంబంలో ఎవరికైనా అత్యవసర వైద్యం కావలసి వస్తే ఆదుకోవడానికి కూడా వాడుకోవచ్చు. ఇంకొక శాఖ నుంచి నిధులున్న పనికి దీన్ని మళ్లించకూడదన్న హెచ్చరిక కూడా సబబైనదే.

ఈ స్వేచ్ఛ విలువ వానాకాలంలో అర్థమవుతుంది. జంపన్నవాగు పొంగితే అవతలి గూడేలకు 108 వాహనం చేరలేదు. 2023 జూలై వరదల్లో ఏటూరునాగారం మండలం కొండాయి గ్రామాన్ని ఆ వాగు ముంచెత్తి ప్రాణాలు తీసిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. మేము పనిచేసే ఒక ఊరి కమిటీ వానలకు ముందే సమావేశమై, నెలలు నిండుతున్న గర్భిణుల పేర్లు రాసుకుని, వాగు దాటించడానికి ట్రాక్టర్ కిరాయి ఈ నిధి నుంచే ఇస్తామని తీర్మానించింది. ఆ ఖర్చుకు ఏ శాఖలోనూ పద్దు ఉండదు, ఏ కంపెనీ ప్రాజెక్టు పత్రంలోనూ గడి ఉండదు. అయినా తల్లీబిడ్డల ప్రాణాలకు సంబంధించి ఆ ఊరు ఆ ఏడాది తీసుకున్న నిర్ణయాల్లో అంతకన్నా ముఖ్యమైనది లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ గర్భిణులు ఎవరో, ఏ ఇంటికి ఏ దారిన వెళ్లాలో తెలిసినవాళ్లే డబ్బు గురించి కూడా నిర్ణయించడం వల్ల అది సాధ్యమైంది.

ఇక లోపం సంగతి. వరంగల్ నగరానికి ఆనుకుని ఉన్న గీసుకొండ మండలంలోని ఊరికీ, గోదావరి ఒడ్డున కన్నాయిగూడెం మండలంలోని ఊరికీ నిర్ణయించిన మొత్తం ఒకటే. మొదటి ఊరివాళ్లు ఆటో ఎక్కి వరంగల్‌లోని పెద్ద ప్రభుత్వాస్పత్రి ఎంజీఎంకు చేరుకోగలరు. రెండో ఊరివాళ్లకు ఏటూరునాగారం దాటి వరంగల్ రావాలంటే వంద కిలోమీటర్లకు పైనే ప్రయాణం. ఈ తేడా ప్రభుత్వానికి తెలియనిది కాదు. మైదానంలో 5,000 మందికి ఒక సబ్‌సెంటర్ (ఆరోగ్య ఉపకేంద్రం) అయితే గిరిజన ప్రాంతంలో 3,000 మందికే ఒకటి ఉండాలని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి 30,000 బదులు 20,000 జనాభా చాలని నిబంధనల్లోనే రాశారు. ఆశ కార్యకర్త విషయంలోనూ వెయ్యి మందికి ఒకరన్న లెక్కను సడలించి, గిరిజన ప్రాంతాల్లో ఆవాసానికి ఒకరిని నియమించుకోవచ్చన్నారు. సిబ్బంది దగ్గర, భవనాల దగ్గర పాటించిన ఈ న్యాయం ఊరి చేతికిచ్చే డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోయిందో నాకు అంతుపట్టదు. పైగా ధరలన్నీ పెరిగినా ఆ పదివేలు పదివేలుగానే ఉండిపోయాయి.

దీనికి తోడు ఇంకొక చిక్కు ఉంది. కమిటీని రెవెన్యూ గ్రామాన్ని ప్రమాణంగా తీసుకుని ఏర్పాటు చేస్తారు. ఏజెన్సీలో ఒక రెవెన్యూ గ్రామం కింద దూరదూరంగా నాలుగైదు గూడేలు, ఒకటి రెండు తండాలు ఉండటం మామూలే. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో నివాసం ఏర్పరచుకున్న గొత్తికోయల ఆవాసాలకు వేరే కమిటీ ఉండదు; పెద్ద ఊరి కమిటీ గుర్తుపెట్టుకుంటేనే వారికి ఏదైనా అందుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ మహిళల్లో 57.6 శాతం మందికి, అయిదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అది రాష్ట్ర సగటు. వాగు అవతలి ఆవాసంలో పరిస్థితి ఎలా ఉందో ఆ సగటు చెప్పదు. ఆవాసాన్ని ప్రమాణంగా తీసుకుని, దూరాన్నీ జనాభానూ బట్టి మొత్తాన్ని నిర్ణయించనంతకాలం ఈ నిధి అవసరం ఎక్కువున్న చోటికి ఎక్కువగా చేరదు.

నిర్వహణ విషయంలో నాకు మిశ్రమాభిప్రాయమే ఉంది. ఖాతాకు ఇద్దరి సంతకాలుండటం మంచి కట్టుబాటు. కానీ సర్పంచుల పదవీకాలం ముగిశాక 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా మన పంచాయతీలు ప్రత్యేకాధికారుల పాలనలోనే ఉన్నాయి; ఎన్నికైన సభ్యురాలు లేనప్పుడు కమిటీకి పెద్దదిక్కు ఎవరన్న ప్రశ్నకు తగిన ఏర్పాటు ముందే ఉండవలసింది. ఒకచోటైతే కమిటీ కూర్చోకముందే ఏమేమి కొనాలో పైనుంచి జాబితా వచ్చిందని ఆశ కార్యకర్త మాతో చెప్పుకుని బాధపడింది. అలా జరిగిన చోట ఇది అన్‌టైడ్ ఫండ్ అనిపించుకోదు.

మరి పెద్ద నిధులు లేవా అంటే ఉన్నాయి. గనులున్న జిల్లాల్లో, గనుల వల్ల నష్టపోయిన ప్రాంతాల కోసం గనుల యజమానులు కట్టే సొమ్ముతో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధి ఉంది. 2024లో సవరించిన మార్గదర్శకాలు అందులో కనీసం 70 శాతాన్ని ఆరోగ్యం, తాగునీరు, విద్య వంటి ప్రాధాన్య రంగాలకు కేటాయించాలంటున్నాయి. అయితే ఆ నిర్ణయాలు జిల్లా కేంద్రంలో జరుగుతాయి, గూడెం మహిళలు అక్కడిదాకా వెళ్లి వాదించడం సులభం కాదు. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు పొందాలంటే సంస్థకు ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ, 80జీ నమోదులు, మూడేళ్ల అనుభవం, 2021 ఏప్రిల్ నుంచి కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి. కోయ మహిళల పొదుపు సంఘం ఇవన్నీ ఎక్కడ తెచ్చుకుంటుంది? అందుకే ఎంత చిన్నదైనా ఈ పదివేలనే నేను అన్నిటికన్నా మిన్నగా ఎంచుతాను, అందుకే దాన్ని పెంచమని అడుగుతాను: ఏజెన్సీ ఆవాసాలకు కనీసం రెండింతలు.

ఈ నిధిని వాడబోయే కొత్త కమిటీలకు నా సూచన ఒకటే. మొదటి సమావేశం మే నెలలో పెట్టుకోండి. గూడేనికి ఒక మహిళ తప్పకుండా వచ్చేలా చూడండి. ఎంత డబ్బు, ఎవరికోసం, ఎప్పటిలోగా అన్నది మినిట్స్ పుస్తకంలో ఆ రోజే రాసి సంతకాలు చేయించండి. ట్రాక్టర్ యజమాని చదువుకోనివాడైనా సరే, కిరాయి ముట్టినట్టు వేలిముద్రతో రసీదు తీసుకుని ఆ పుస్తకంలోనే అంటించండి.