నైట్ డ్యూటీ దిగి బీఎల్‌ఎస్ క్లాస్‌కెళ్లా: మారతహళ్లి సెంటర్ రివ్యూ

ముందే చెప్తున్నా, ఈ బీఎల్‌ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్, గుండె ఆగినోళ్లని ఛాతీ నొక్కి బతికించే ట్రైనింగ్) క్లాసుకి నాలుగు స్టార్లు. ఒకటి ఎందుకు కోశానో కింద రాశా. చదివే ఓపిక లేనోళ్లు ఇక్కడే ఆపేసి బుక్ చేసుకోండి పర్లేదు, మంచి సెంటరే. నాలాగా నైట్ చేసి మాత్రం పోకండి.

నేను స్టాఫ్ నర్స్‌ని, మాది హిందూపురం పక్క పల్లె, జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చదవడానికి బెంగళూరొచ్చి ఇక్కడే ఉండిపోయా. మాకు బీఎల్‌ఎస్ కార్డు రెండేళ్లే పనిచేస్తుంది, తర్వాత మళ్లీ క్లాసుకెళ్లి రెన్యూ చేయించుకోవాలి. నాది అయిపోవడానికి పది రోజులుందనగా హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది, అదీ ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యత చూసే సంస్థ) ఆడిట్ దగ్గరపడింది కాబట్టి వచ్చింది, లేకపోతే మనం బతికున్నామో లేదో కూడా అడగరు. డబ్బులు మనవే, లీవు మనదే. ఇన్‌చార్జ్ సిస్టర్‌ని ముందు రోజు నైట్ మార్చమని అడిగితే "ఎవర్ని వెయ్యమంటావ్ నువ్వే చెప్పు" అంది. ఆమెదీ తప్పు కాదు, ముగ్గురు రిజైన్ చేసిపోయారు ఆ నెల్లోనే. ఆసుపత్రి పేరు అడక్కండి, నాకు బాండ్ ఉంది ఇంకా.

సరే అని నైట్ చేసి, పొద్దున 8కి డ్యూటీ అయిపోవాల్సింది హ్యాండోవర్ అయ్యేసరికి 8:50 అయ్యి, ఆటోలో రింగ్ రోడ్డు మీద కునుకు తీస్తా వెళ్లా. టైర్ల షాపు మీద రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, బండి పెట్టడానికి చోటు లేదు. మా వదిన అప్పటికే వచ్చి కింద టీ తాగుతా ఉంది. ఆమె వైట్‌ఫీల్డ్ వైపు ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో మూడో తరగతి టీచరు, వాళ్ల స్కూల్ నుంచి నలుగుర్ని ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్‌కి పంపించారు, అదీ ఇదే సెంటర్లో ఇదే శనివారం పక్క రూములో. నన్ను చూడగానే "ఏమ్మే, మొహం చూస్తే నువ్వే పేషెంట్ లాగున్నావ్" అని తన టీ సగం నాకు పోసింది.

నా బ్యాచ్‌లో పన్నెండు మందిమి, ఛాతీ నొక్కి ప్రాక్టీస్ చేసే బొమ్మలు నాలుగు. అంటే బొమ్మకి ముగ్గురు. ఇది చాలా పెద్ద విషయం, బుక్ చేసే ముందు ఏ సెంటర్‌ని అడిగినా ఇదే అడగండి. రెండేళ్ల కింద నేను ఇంకోచోట చేసినప్పుడు ఇరవై మందికి రెండు బొమ్మలు, తలా ఒక నిమిషం నొక్కిచ్చి సంతకం పెట్టిచ్చుకుని కార్డు ఇచ్చేశారు. ఇక్కడ అట్లా కాదు. ఇన్‌స్ట్రక్టర్ పాత ఐసీయూ నర్సు, మలయాళీ ఆవిడ, కన్నడ హిందీ కలిపి చెప్తుంది, తెలుగు కూడా అర్థమవుతుంది, ప్రతి బ్యాచ్‌లో సగం మీవాళ్లే కదా అని నవ్వింది. బోర్డు మీద మూడు అంకెలు రాసి పెట్టింది ఫస్టే: నిమిషానికి 100 నుంచి 120 నొక్కుళ్లు, లోతు 5 సెంటీమీటర్లకి తగ్గకూడదు 6 దాటకూడదు, 30 నొక్కుళ్లకి 2 ఊపిరులు. ఇవి మాకు నిద్రలో లేపి అడిగినా చెప్తాం. చేతికి వస్తుందా అన్నదే ఆమె చూసేది.

బొమ్మకి భుజం దగ్గర చిన్న లైట్లుంటాయి, స్పీడు కరెక్టుగా ఉంటే పచ్చ, తగ్గితే పసుపు, ఇంకా తగ్గితే ఎరుపు, లోతు చాలితే లోపల టిక్‌మంటుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్లు 2019 నుంచి పెద్దవాళ్ల సీపీఆర్ (ఛాతీ నొక్కి ఊపిరి ఇవ్వడం) క్లాసుల్లో ఇట్లాంటి ఫీడ్‌బ్యాక్ ఉండే పరికరం తప్పనిసరి చేశారు, కాబట్టి లైట్లూ మీటరూ ఏమీ లేని బొమ్మతో క్లాస్ చెప్తే డౌట్ పడండి.

నా వంతు వచ్చింది. మొదటి రెండు నిమిషాలు పచ్చే. తర్వాత పక్కమ్మాయి నొక్కింది, మళ్లీ నేను. రెండోసారి ఒక నిమిషం కూడా కాలేదు, పసుపు. నాకు మాత్రం బానే నొక్కుతున్నట్టు ఉంది, అదే స్పీడు అదే బలం అనుకుంటున్నా, ఇంకా చెప్పాలంటే లైటు పాడైందేమో అనుకున్నా. టిక్ కూడా ఒకటి వినపడితే రెండు వినపడట్లేదు. ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుని మెల్లగా "సిస్టర్, నైట్ చేసొచ్చారా" అంది. అవునన్నా. అప్పుడు అందర్నీ పిలిచి నన్నే ఎగ్జాంపుల్ పెట్టి చెప్పింది, సిగ్గేసింది గానీ మంచి పాయింటు. నొక్కేవాళ్లని ప్రతి రెండు నిమిషాలకి మార్చాలని రూల్ ఎందుకు పెట్టారంటే ఎంత గట్టిమనిషైనా ఒకటి రెండు నిమిషాల్లోనే లోతు తగ్గిపోతుంది, తగ్గినట్టు నొక్కేవాళ్లకి తెలీదు, నేను ఇంకా చేస్తా అనే అంటారు. అందుకే అడక్కుండా మార్చెయ్యాలి.

నాకు అప్పట్నించి ఆ పసుపు లైటే బుర్రలో తిరుగుతా ఉంది. ఇంజెక్షన్ లోడ్ చేసేటప్పుడు, తెల్లారుజామున 4కి ఇన్సులిన్ యూనిట్లు చూసేటప్పుడు, మా భుజానికి లైటేమీ లేదు కదా.

తర్వాత టీమ్ ప్రాక్టీస్. ఒకరు నొక్కాలి, ఒకరు అంబు బ్యాగు (ఊపిరి అందించే సంచి), ఒకరు ఏఈడీ (గుండెకి షాక్ ఇచ్చే మిషన్), ఒకరు మందులు, ఒకరు టైమ్ రాయాలి, ఒకరు లీడర్. ఆరుగురం ఆరు పన్లు, గడియారంలాగా నడిచింది, అందరికీ హుషారొచ్చింది. నేను ఉండబట్టలేక అడిగా, మేడమ్ మా వార్డులో రాత్రి 28 బెడ్లు, మేమిద్దరం, అందులో ఒకమ్మాయి జాయినై మూడు నెలలు, అప్పుడు ఎవరు ఏంటి? ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో మామూలు ఆసుపత్రిలో ఐదుగురు పేషెంట్లకి ఒక నర్సు, టీచింగ్ హాస్పిటల్లో ముగ్గురికి ఒకరు. ఆ లెక్కకి మేం రాత్రి ఆరుగురం ఉండాల! రూమంతా నవ్వింది, అంటే అందరి కథా అదే అని.

ఆవిడ నవ్వలేదు. బొమ్మని నేల మీదికి దించి, "సరే ఇద్దరే, రండి" అని మమ్మల్ని ఇద్దర్నే పెట్టి చేయించింది. ఒకరు కోడ్ బ్లూకి (గుండె ఆగిందని ఎమర్జెన్సీ టీమ్‌ని పిలిచే కాల్) ఫోన్ కొట్టి క్రాష్ కార్ట్ (ఎమర్జెన్సీ మందులు, షాక్ మిషన్ ఉండే బండి) తెచ్చేలోపల రెండోవాళ్లు ఆపకుండా నొక్కాలి, తెచ్చినాక ప్యాడ్లు అంటించేటప్పుడు కూడా నొక్కుడు ఆగకూడదు, మిగతా 27 బెడ్లలో ఎవరు బెల్ కొట్టినా వినపడనట్టే ఉండాలి. నొక్కుడు లేకుండా షాక్ ఇవ్వడం ఒక్కో నిమిషం లేటయ్యే కొద్దీ బతికే ఛాన్స్ 7 నుంచి 10 శాతం పడిపోతుందంట. క్రాష్ కార్ట్ మీ వార్డులో ఏ మూల ఉందో, దాని ముందు స్ట్రెచర్లు అడ్డం పెట్టారో లేదో సోమవారం వెళ్లి చూసుకోండి అంది. చూశా. రెండు వీల్‌చైర్లు, ఒక ఆక్సిజన్ సిలిండర్ అడ్డం. చెక్‌లిస్ట్‌లో మాత్రం రోజూ సంతకాలున్నాయి, అందులో నావి కూడా ఉన్నాయి, అబద్ధమెందుకు.

మధ్యాహ్నం పులియోగరె పొట్లం ఇచ్చారు, ఫీజులోనే, బాగుంది. వదిన క్లాస్ సంగతి అప్పుడు విన్నా. వాళ్ల ఇన్‌స్ట్రక్టర్ కుర్రోడు, ఓపిగ్గా చెప్పాడంట. వదినకి సీపీఆర్ మొదట్లో అస్సలు రాలేదు, మోచేతులు వంచి మా అవ్వ రోట్లో కొర్రలు దంచినట్టు దంచింది, చేతులు బిర్రుగా పెట్టి నడుం మీద నుంచి బరువు వెయ్యాలని చెప్పినాక కుదిరింది. వాళ్లకి ఎక్కువ పనికొచ్చేది గొంతులో ఏమన్నా ఇరుక్కుంటే ఏం చెయ్యాలన్నది. ఇక్కడే సెంటర్ మీద నా కంప్లైంట్. గోడ మీద ఇంకా పాత పోస్టర్ ఉంది, పిల్లలకి నేరుగా పొట్ట నొక్కేదే చూపిస్తుంది. 2025 అక్టోబర్లో వచ్చిన అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కొత్త గైడ్‌లైన్స్ ప్రకారం పెద్దోళ్లకైనా పిల్లలకైనా ముందు వీపు మీద 5 దెబ్బలు, తర్వాత పొట్ట మీద 5 నొక్కుళ్లు, బయటికొచ్చేదాకా మార్చి మార్చి. ఏడాది లోపు పసిబిడ్డలకి పొట్ట నొక్కనే కూడదు, వీపు మీద 5, ఛాతీ మీద అరచేతిలో మణికట్టు దగ్గరి భాగంతో 5. కుర్రోడు నోటితో కరెక్టే చెప్పాడు గానీ టీచర్లు ఫోన్లో ఫోటో తీసుకుంది ఆ పాత పోస్టర్‌నే కదా, అదే స్టాఫ్‌రూమ్ వాట్సాప్ గ్రూపుకి పోయింది. సగం స్టారు దానికి. మిగతా సగం ఏఈడీ ప్రాక్టీస్ మిషన్‌కి, బ్యాటరీ అయిపోయి రెండుసార్లు మధ్యలో మూగబోయింది. ప్రాణం పోసే మిషన్‌కే ప్రాణం లేదు అని వదిన జోకు.

వదిన వాళ్ల స్కూల్లో ఫస్ట్ ఎయిడ్ బాక్స్ అడ్మిన్ రూమ్‌లో ఉంటుంది, తాళం ఒకామె దగ్గర, ఆమె మధ్యాహ్నం భోజనానికి పోతుంది. పిల్లలు టిఫిన్ బాక్సులు తెరిచేదీ అప్పుడే, చిక్కీలు, ద్రాక్షలు, నవ్వుకుంటా మాట్లాడుకుంటా తింటారు, ఇరుక్కుంటే అప్పుడే ఇరుక్కోవాల. ఆ టైమ్‌లో వదిన 42 మంది డైరీల్లో సంతకాలు పెడతా ఉంటుంది, లేకపోతే రాని టీచర్ క్లాసుకి కూడా ఆమెనే వేస్తారు. విద్యా హక్కు చట్టం 2009లో ఐదో తరగతి దాకా 30 మందికి ఒక టీచరని రాసుంది. రాసుంటే ఏం, మాకూ రాసే ఉంది.

ట్రైనింగ్ లేక కాదు వాళ్లకి, ఎక్కువై చస్తున్నారు. సీబీఎస్‌ఈ టీచర్లకి ఏడాదికి 50 గంటల ట్రైనింగ్ ఉండాల, 2020 జాతీయ విద్యా విధానంలో కూడా అదే అంకె. వదిన సగం శనివారాలు ఆన్‌లైన్లో వీడియో పెట్టి మ్యూట్ చేసి పేపర్లు దిద్దుతుంది, చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారమ్ నింపి సర్టిఫికెట్ డౌన్‌లోడ్. "ఈ 50 గంటల్లో నాకు గుర్తున్నది ఈరోజు ఆ బొమ్మ ఒక్కటే" అంది. చేత్తో చేసింది కాబట్టి.

ఇంకోటి, కాస్త సిగ్గు విడిచి రాస్తున్నా. నర్సులకి టీచర్లకి కామన్‌గా ఉండే జబ్బు యూరిన్ ఇన్‌ఫెక్షన్. నాకు వార్డు వదిలిపోవడానికి కుదరదు, ఆమెకి క్లాసు వదలడానికి కుదరదు, ఇద్దరం నీళ్లు తాగడం తగ్గించేశాం. మధ్యాహ్నం ఆ సెంటర్లో శుభ్రమైన బాత్రూమ్ ఉంటే ఇద్దరం తెగ మెచ్చుకున్నాం, అదీ మా స్థితి. బాత్రూమ్‌కి ఫుల్ మార్కులు.

ఫీజు సంగతి. నాకు 3,500 పడింది. 2016లో సుప్రీంకోర్టు చెప్తే కేంద్రం వేసిన కమిటీ, 200 బెడ్లు దాటిన ప్రైవేట్ ఆసుపత్రుల్లో నర్సు జీతం ఆ రాష్ట్రంలో గవర్నమెంట్ నర్సుతో సమానంగా ఉండాల, 50 బెడ్ల లోపైనా 20,000కి తగ్గకూడదని చెప్పింది. అది అమలైతే 3,500 గురించి ఇంత రాయను. వదినకి స్కూలే కట్టింది, పోయిన సోమవారం ఆ నలుగురి ఫోటో స్కూల్ పేజీలో కూడా పెట్టారు, ఫస్ట్ ఎయిడ్ బాక్స్ తాళంచెవి మాత్రం ఇంకా ఆ ఒకామె దగ్గరే ఉంది.

మధ్యాహ్నం రాత పరీక్ష, 25 ప్రశ్నలు, 84 శాతం రావాల, నాలుగు తప్పులదాకా పోవచ్చు. నేను సరిగ్గా నాలుగు పోగొట్టా. మూడో ప్రశ్న రెండుసార్లు చదివా, అక్షరాలు కదుల్తున్నాయి. ఈ-కార్డు ఆరు రోజులకి వచ్చింది, రెండు రోజులన్నారు, ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడారు. బిల్లు అడిగితేనే ఇస్తారు, అడగండి.

ఈ సెంటర్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది, బోర్డు మీద రాయలేదు, ఆవిడే చెప్పింది. కార్డు రెండేళ్లున్నా చేతిలో పని మూడు నుంచి ఆరు నెలల్లోనే మర్చిపోతాం, కాబట్టి ఆర్నెల్ల లోపల ఏ శనివారం సాయంత్రమైనా వచ్చి పది నిమిషాలు బొమ్మ మీద నొక్కిపోవచ్చు, డబ్బులక్కర్లేదు. ఇది ఇంకెక్కడా వినలేదు నేను. మా ఆసుపత్రి బేస్‌మెంట్‌లో కూడా ఒక బొమ్మ ఉంది నిజానికి, కవర్ వేసి, ఆడిట్ రోజు తీస్తారు.

వదిన, నేను ఇప్పటికి ఒకసారి పోయొచ్చాం. ఈసారి నేను ఆఫ్ తీసుకుని, నిండా నిద్రపోయి పోయా. ఐదు నిమిషాలు మార్చి మార్చి నొక్కాం, పచ్చ పోలేదు. ఆవిడ లేదు ఆరోజు, ఉంటే చూపించేదాన్ని.