ట్రాలీ జాకీ: పెట్టె మీది టన్నులు కాదు, ఎత్తూ పొడవూ చూసి కొనండి

కారుతో పాటు వచ్చే సిజర్ జాకీ దారిలో పంక్చరైతే స్టెప్నీ మార్చుకోవడానికి సరిపోతుంది. బ్రేక్ ప్యాడ్లు మార్చాలన్నా, ఆయిల్ మార్చాలన్నా, సస్పెన్షన్ బుష్‌లు చూడాలన్నా దానితో పని జరగదు. దాని పాదం చిన్నది, బండిని కాస్త పక్కకు లాగితే ఒరిగిపోతుంది. బాటిల్ జాకీ బరువు బాగానే మోస్తుంది గానీ నిలువుగా ఉండడం వల్ల చిన్న కార్ల కింద దూరదు. ఇంటి దగ్గర పని చేసుకునేవాళ్లకు మిగిలేది చక్రాల మీద దొర్లే ట్రాలీ జాకీ. ఇందులో ప్రధానంగా మూడు రకాలు దొరుకుతాయి: రెండు టన్నుల పొట్టి జాకీ, మూడు టన్నుల పొడవాటి ఉక్కు జాకీ, తక్కువ ఎత్తున్న అల్యూమినియం జాకీ.

పెట్టె మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండేది టన్నుల లెక్క. నిజానికి మామూలు కారుకు అది చివర చూడాల్సింది. 1400 కిలోల కారు, ముందు ఇంజిన్, ముందు చక్రాలు నడిపే రకం అనుకుందాం. బరువులో సుమారు 60 శాతం ముందు వైపే ఉంటుంది. అంటే ముందు భాగం మొత్తాన్ని మధ్యలో పట్టి లేపినా జాకీ మీద పడేది 840 కిలోలు. రెండు టన్నుల జాకీ సామర్థ్యంలో అది సగం కూడా కాదు. మరి మూడు టన్నులది ఎందుకు కొనాలంటే, బరువు కోసం కాదు. దాని ఫ్రేమ్ పొడవు, సాడిల్ (కారును తాకి మోసే పై పళ్లెం) వెడల్పు ఎక్కువ, లేపే ఎత్తు కూడా ఎక్కువ.

పొట్టి జాకీ సాధారణంగా 130-140 మి.మీ. దగ్గర మొదలై 330-350 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. వినడానికి చాలనిపిస్తుంది. కానీ బాడీని లేపడం మొదలుపెట్టగానే చక్రం లేవదు. ముందు స్ప్రింగు సాగుతుంది, చక్రం కిందికి వేలాడుతుంది. ఆ సాగుడు ముగిశాకే టైరు నేలను వదులుతుంది. జాకీ పెట్టే చోటు నేల నుంచి 180 మి.మీ. ఉందనుకుంటే, సస్పెన్షన్ సాగుడుకు 100, టైరు కింద ఖాళీకి 50 కలిపితే 330 అయింది. జాకీ అప్పటికే చివరికొచ్చేసింది. లేపిన బండిని నిలిపి ఉంచే స్టాండు దూర్చి దాని మీదికి దించడానికి ఇంకో 20-30 మి.మీ. కావాలి, అది లేదు. నేలకు ఎత్తుగా, సస్పెన్షన్ ఎక్కువ సాగేలా ఉండే ఎస్‌యూవీకైతే ఈ జాకీ అసలు పనికిరాదు. చాలామంది ఇక్కడే జాకీ కింద ఇటుకలు పేర్చడం మొదలుపెడతారు. ఇటుక ముందుగా చెప్పకుండా పగులుతుంది. జాకీ దాని మీద దొర్లలేదు కూడా. కనీసం 450 మి.మీ. దాకా లేచే జాకీ తీసుకుంటే ఈ తిప్పలుండవు.

పొట్టి జాకీకి ఇంకో లోపం ఉంది, కొనేటప్పుడు ఎవరూ ఆలోచించరు. ముందు క్రాస్‌మెంబర్ (కారు కింద అడ్డంగా ఉండే బలమైన దూలం) బంపర్ అంచుకు చాలా లోపల ఉంటుంది. అంత లోపలికి తోస్తే పొట్టి జాకీ మొత్తం కారు కిందికి వెళ్లిపోతుంది. హ్యాండిల్ బంపర్‌కు తగిలి పైకి రాదు, రెండు వేళ్ల మేర మాత్రమే కొట్టగలుగుతాం. కొనే ముందు టేపుతో మూడు కొలతలు తీసుకోండి: బంపర్ కింద ఖాళీ, బంపర్ అంచు నుంచి క్రాస్‌మెంబర్ దాకా దూరం, జాకీ పెట్టే చోటు ఎత్తు. బంపర్ కింద ఖాళీని సాడిల్ ఎత్తుతో మాత్రమే పోల్చి ఊరుకోకూడదు. చాలా జాకీల్లో సాడిల్ 90 మి.మీ. దగ్గర మొదలైనా, దాని వెనకున్న ఫ్రేమ్ అంతకన్నా ఎత్తుగా ఉంటుంది. దూరేది సాడిలే, తగులుకునేది ఫ్రేమ్. బాగా కిందికి ఉన్న కార్లకు 75-90 మి.మీ. నుంచి మొదలయ్యే రకం కావాలి. అది లేకపోతే ముందు చక్రాలను 40 మి.మీ. మందం, టైరు కంటే వెడల్పు ఉన్న చెక్క పలకల మీదికి ఎక్కించి, ఆ తర్వాత జాకీ దూర్చవచ్చు.

ఉక్కా, అల్యూమినియమా అన్న చర్చ అవసరానికి మించి సాగుతుంది. మూడు టన్నుల ఉక్కు జాకీ 30 కిలోల పైనే తూగుతుంది. ఒకచోటే ఉండేదైతే ఆ బరువు మేలే, కదలకుండా కూర్చుంటుంది. మెట్లు దించాలన్నా, డిక్కీలో వేసుకెళ్లాలన్నా అల్యూమినియం తీసుకోండి. అందులో పక్క పలకలను బోల్టులతో బిగిస్తారు కాబట్టి అవి వదులవుతున్నాయేమో అప్పుడప్పుడు స్పానర్ పెట్టి చూడాలి. రెండు పిస్టన్ల పంపు ఉంటే సాడిల్ కొద్ది దెబ్బల్లోనే బాడీని తాకుతుంది. సుఖమే గానీ తప్పనిసరి కాదు.

అసలు తేడా తెలిసేది దించేటప్పుడు. లేపడం ఏ జాకీ అయినా చేస్తుంది. మంచిదానిలో హ్యాండిల్‌ను కొద్ది కొద్దిగా తిప్పుతుంటే బండి మెల్లగా జారుతుంది, ఆపాలనుకున్న చోట ఆగుతుంది. నాసిరకంలో తిప్పినంతసేపూ ఏమీ జరగదు, ఒక్కసారిగా దబ్బున పడుతుంది. స్టాండు మీదికి దించేటప్పుడు ఇలా పడితే స్టాండు ఒరిగే ప్రమాదం ఉంది. షాపులో సాడిల్‌ను సగం దాకా లేపి, ఒక చేత్తో గట్టిగా అదిమిపట్టి, రెండో చేత్తో హ్యాండిల్ తిప్పి, దించే వాల్వు కొంచెం కొంచెం వదిలి చూడండి. రెండు ముక్కల హ్యాండిల్ అతుకు దగ్గర ఎంత వదులుందో కూడా చూడాలి. అక్కడ పావు చుట్టు ఖాళీ తిరిగితే వాల్వు ఎప్పుడు తెరుచుకుంటుందో చేతికి తెలియదు. అలాంటిది వద్దు. ఏఎస్‌ఎంఈ పేస్ లేదా ఈఎన్ 1494 ప్రమాణం పేరు ప్లేటు మీద ఉందా అని కూడా చూసుకోండి.

ఇక నేల సంగతి. జాకీ చేయి వెనక ఇరుసు చుట్టూ తిరుగుతూ లేస్తుంది కాబట్టి సాడిల్ నిలువుగా పైకి పోదు, వంపుగా హ్యాండిల్ వైపు జరుగుతుంది. పొడవాటి జాకీల్లో ఈ జరుగుడు పది సెంటీమీటర్లకు పైనే. ఆ మేరకు జాకీ కారు కిందికి దొర్లాలి. దొర్లకపోతే సాడిల్ బాడీ మీద జారుతుంది, లేదా కారునే లాగుతుంది. జాకీలు జారి పడ్డాయనే సందర్భాల్లో చాలావాటికి కారణం ఇదే: గచ్చు మీద గులకరాయి, మట్టిలో దిగబడిన చక్రం, ఎండకు మెత్తబడిన తారు. గట్టి, సమతలమైన కాంక్రీటు కాకపోతే 18 మి.మీ. ప్లైవుడ్ పలక పరవండి. జాకీ ముందుకు దొర్లినా పలక దాటిపోనంత పొడవుండాలి. వాలు నేల మీద ఏ జాకీ అయినా సరే, వద్దు.

లేపే ముందు హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో పెట్టి, నేల మీద ఉండబోయే చక్రాలకు రెండు వైపులా అడ్డుచెక్కలు పెట్టాలి. హ్యాండ్‌బ్రేక్ ఉంది కదా, అడ్డుచెక్కలు దేనికి అంటారు. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. వెనక భాగం లేపితే అది గాల్లో ఉన్న చక్రాలను పట్టుకుని ఉంటుంది. ముందు చక్రాలు నడిపే కారులో గేరును నమ్ముకున్నా చిక్కే. ఒక ముందు చక్రం గాల్లోకి లేవగానే డిఫరెన్షియల్ (రెండు చక్రాలూ వేరువేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక) దాన్ని వెనక్కి తిప్పుతూ నేల మీదున్న చక్రాన్ని దొర్లనిస్తుంది. ఆటోమేటిక్‌లో పి గేరుకూ ఇదే వర్తిస్తుంది. వీల్ నట్లను టైరు నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేయాలి. బండి లేపాక రాడ్‌తో బలంగా గుంజితే మొత్తం ఊగుతుంది.

ఎక్కడ పెట్టి లేపాలో కారు పుస్తకంలో బొమ్మ ఉంటుంది. తలుపుల కింద రెండు రేకులు కలిపి వెల్డ్ చేసిన అంచులో, చక్రాలకు దగ్గరగా, గట్టిచేసిన చోటు ఉంటుంది. సాధారణంగా రెండు చిన్న గాట్లతో గుర్తు పెడతారు. ఉత్త ఇనుప సాడిల్ ఆ అంచును మడతపెట్టేస్తుంది, రంగు లేచి తుప్పు మొదలవుతుంది. నడిమి గాడి ఉన్న రబ్బరు ప్యాడ్ వేసుకోండి. ఆయిల్ చాంబర్, గేర్‌బాక్స్ చాంబర్, రేడియేటర్ కింది పట్టీ, నేల రేకు, వీటిలో దేని కిందా జాకీ పెట్టకూడదు. ఎలక్ట్రిక్ కార్లకు నేలంతా బ్యాటరీయే కాబట్టి గుర్తు పెట్టిన చోటు నుంచి అంగుళం కూడా తప్పకూడదు.

ఇక్కడ అందరికీ ఎదురయ్యే చిక్కుముడి ఒకటుంది. పుస్తకం మూలకు ఒక్క చోటే చూపిస్తుంది. అక్కడ జాకీ ఉంటే స్టాండు ఎక్కడ పెట్టాలి? తేలికైన దారి, పుస్తకం ఒప్పుకుంటే మధ్యలో ముందు క్రాస్‌మెంబర్ కింద జాకీ పెట్టి, పక్కనున్న రెండు చోట్ల స్టాండ్లు పెట్టడం. పొడవాటి జాకీ కొనమనడానికి ఇదే పెద్ద కారణం. అలాంటి చోటు లేని కార్లకు, మోస్తూనే లాక్ అయ్యే జాకీ-స్టాండు జోడీలు వస్తాయి, సాడిల్ తీసినా స్టాండు అక్కడే ఉండిపోతుంది. ఏదీ కుదరకపోతే కింద దూరే పని పెట్టుకోకండి. జాకీ లేపడానికే, నిలిపి ఉంచడానికి కాదు. లోపల ఒక ఓ-రింగ్ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు ఉంగరం) తెగితే నిమిషాల్లో దిగిపోతుంది.

స్టాండ్లలో పళ్ల రకం కంటే అడ్డంగా పిన్ను దూర్చే రకం నమ్మకమైనది, ఎత్తు సర్దుకోవడానికి మెట్లు తక్కువున్నా సరే. పళ్లలో కొక్కెం పూర్తిగా కూర్చోకపోతే బరువు పడ్డాక జారుతుంది. అమెరికాలో హార్బర్ ఫ్రైట్ 2020లో పిట్స్‌బర్గ్ బ్రాండు 3, 6 టన్నుల స్టాండ్లను వెనక్కి పిలిపించుకున్నది సరిగ్గా ఈ లోపంతోనే. పళ్ల రకమే ఉంటే, బరువు పడకముందే కడ్డీని పైకి లాగి, కిందికి గట్టిగా కొట్టి, పట్టుకుందో లేదో చూడండి. రెండు స్టాండ్లనూ ఒకే మెట్టు దగ్గర పెట్టి, వాటి మీదికి దించాక బాడీని చేత్తో బలంగా తోసి చూడాలి. ఊగితే ఇప్పుడే ఊగాలి. విప్పిన చక్రాలను తలుపుల కిందికి తోసేసి, జాకీని సాడిల్ తాకీ తాకనట్టు అలాగే ఉంచితే మరో రెండు ఆసరాలు. పని అయ్యాక నట్లు చేత్తో పూర్తిగా ఎక్కించి, దించి, ఎదురెదురుగా బిగించండి. టార్క్ కారు పుస్తకంలో ఉంటుంది, మామూలు కార్లకు ఎక్కువగా 90-120 న్యూటన్ మీటర్ల మధ్య.

కొత్త జాకీ మెత్తగా, స్పాంజిలా అనిపిస్తే లోపల గాలి ఉంది. సాడిల్ కిందికి దించి, వాల్వు తెరిచి, హ్యాండిల్‌ను 10-15 సార్లు పూర్తిగా కొట్టండి. తర్వాత వాల్వు మూసి, ఆయిల్ ప్లగ్ కాస్త తెరిస్తే గాలి బయటికి పోతుంది. చివరి దాకా లేవకపోతే ఆయిల్ తక్కువ. లేచాక నెమ్మదిగా దిగుతుంటే వాల్వు కూర్చునే చోట చెత్త చేరింది, లేదా సీలు అరిగింది. ఆయిల్ ఎప్పుడూ సాడిల్ పూర్తిగా దించే పోయాలి, ప్లగ్ రంధ్రం అంచుకు కొంచెం కింద దాకా. లేపి ఉంచి నింపితే దించినప్పుడు ఆయిల్‌కు చోటుండదు. పోయాల్సింది హైడ్రాలిక్ జాకీ ఆయిలే. బ్రేక్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. ప్లగ్ అనుకుని పక్కనున్న ఓవర్‌లోడ్ స్క్రూను తిప్పేవాళ్లున్నారు. దాన్ని ఫ్యాక్టరీలో అమర్చి పెడతారు, ముట్టుకోకూడదు.

మెరిసే పిస్టన్ కడ్డీ మీద తుప్పు గుంటలు పడితే అవి సీలును కోస్తాయి, అప్పుడు కొత్త సీలు వేసినా నిలవదు. అందుకే వాడనప్పుడు పూర్తిగా దించి, కడ్డీ లోపల ఉండేలా, జాకీని నాలుగు చక్రాల మీదే ఉంచాలి. గోడకు నిలబెడితే ప్లగ్ దగ్గర ఆయిల్ కారుతుంది.