మూడు లాంతర్ల దగ్గర మా వాడి గ్లవ్ బాగు చేయించాం

మా అబ్బాయికి 13 ఏళ్లు. పుట్టుకతోనే కుడి అరచెయ్యి లేదు. స్కూల్లో బేస్‌బాల్ ఆడతాడు, అదీ పిచ్చర్‌గా, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడిగా. ఆన్‌లైన్‌లో తెప్పించిన గ్లవ్ చెక్కలా బిగుసుకుని ఉంది, చెయ్యి దూరడమే కష్టం. విజయనగరంలో రెండు చోట్ల అడిగితే ఇది మా పని కాదన్నారు. మూడు లాంతర్ల దగ్గర చెప్పులు, బ్యాగులు కుట్టే పెద్దాయన మాత్రం, "గుంటడిని ఓసారి తీసుకురా తల్లీ, సెయ్యి సూడకుండా ఎలా కుడతాను?" అన్నారు.

మా వాడు ఆయనకి ఫోన్‌లో అమెరికా బేస్‌బాల్ పిచ్చర్ జిమ్ అబాట్ వీడియో చూపించాడు. అబాట్‌కీ కుడి అరచెయ్యి లేదు. గ్లవ్‌ని కుడి ముంజేతి చివర ఆనించుకుని ఎడమ చేత్తో బంతి విసురుతాడు, విసిరిన మరుక్షణం ఆ చేతినే గ్లవ్‌లోకి దూర్చేస్తాడు. బంతి దొరికితే గ్లవ్‌ని కుడి చంకలో ఇరికించి, బంతి లాగి మళ్లీ విసురుతాడు. అలాగే అమెరికాలో బేస్‌బాల్‌కి పైస్థాయి అయిన మేజర్ లీగ్‌లో 10 సీజన్లు ఆడాడు. 1991లో 18 మ్యాచ్‌లు గెలిచాడు. 1993 సెప్టెంబరు 4న న్యూయార్క్ యాంకీస్ జట్టు తరఫున, క్లీవ్‌ల్యాండ్ జట్టుకి ఒక్క హిట్ కూడా (బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరడం) ఇవ్వకుండా మ్యాచ్ మొత్తం తనే వేశాడు. మొత్తం మీద 87 గెలుపులు, 108 ఓటములు. ఓడిన రోజు మా వాడు నాకు చెప్పేది ఈ రెండో అంకే.

పెద్దాయన ఆ వీడియో మూడుసార్లు చూశారు. మణికట్టు పట్టీ విప్పి రెండు వేళ్ల వెడల్పు పెంచారు. లోపలి అంచుకి మెత్తటి తోలు వేసి, కొబ్బరినూనె పట్టించి, చెక్క సుత్తితో చాలాసేపు కొట్టారు. ప్రతి పది నిమిషాలకీ వాడి చేత చెయ్యి పెట్టించి, తీయించి చూశారు. తీసుకున్నది 250 రూపాయలు.

మూడో రోజు బొటనవేలి దగ్గర లేసు ఊడింది. తీసుకెళ్తే డబ్బు ముట్టకుండా, ఈసారి రెండు ముళ్లు వేసి ఇచ్చారు. నెలైంది, కదల్లేదు. నిన్న బ్యాటర్ నేరుగా కొట్టిన బంతి గ్లవ్‌లో ఠప్పున పడింది. నేను గోడ పక్కనే నిలబడి ఉన్నాను, ఆ చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది.

సాయంత్రం నాలుగు దాటాక వెళ్లండి, తీరిగ్గా ఉంటారు. ఇంట్లో పాత తోలు బెల్టు ఉంటే పట్టుకెళ్లండి, లేసులు అందులోంచే కోస్తారు.